పాడి చూపిన తప్పు

ఒకానొక రాజ్యం. పేరు చెప్పను. చెబితే ఆ వంశంవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు, నొచ్చుకుంటారు. రాజుగారిని మాత్రం మార్తాండ భూపతి అనుకుందాం.

మార్తాండ భూపతి చెడ్డవాడేం కాదు. పన్నులు మితంగానే వేసేవాడు, చెరువుల్లో పూడిక తీయించేవాడు. ఆయనకున్న జబ్బల్లా సంగీతం. తెల్లవారగానే తంబూరా పట్టుకుని కూర్చుంటే పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. గొంతు సుమారుగా ఉండేది. రాజు గొంతు సుమారుగా ఉందని ఎవరంటారు? అంచేత తనంత గాయకుడు లేడని ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకోక, ఇతరుల పాటలో తప్పులు ఏరడం మొదలుపెట్టాడు.

ఈ పనిలో ఆయనకు కుడిభుజం ఆస్థాన సంగీత విద్వాంసుడు అనంతావధానులు. సంగీత శాస్త్రమంతా ఆయనకు కంఠతా వచ్చు. అయితే సభలో ఆయన పాడగా విన్నవాళ్ళు లేరు. "నేను పాడితే తక్కినవాళ్ళు గొంతు విప్పడానికి సిగ్గుపడతారు" అనేవాడు. సింహాసనం పక్కనే పీట వేయించుకుని, కళ్ళు మూసుకుని, ఎవరు ఎక్కడ జారతారా అని చెవులు రిక్కించి కూర్చునేవాడు.

ఇద్దరూ కలిసి ఒక శాసనం చేశారు. ఊరూరా దండోరా వేయించారు. ప్రభువులవారి సభలో ఎవరైనా సరే, చిన్నా పెద్దా చూడకుండా, రాగంలో లేని స్వరం పలికించారంటే ఇక జన్మలో ఈ రాజ్యంలో పాడరాదు, వాయించరాదు, ఒకరికి నేర్పరాదు.

మొదట చిక్కినవాడు నాదస్వరం వాయించే ఒక పెద్దాయన. "జలుబు చేసింది ప్రభూ, ఊపిరి అందక జారింది" అని మొత్తుకున్నాడు.

"శాసనానికి కారణాలు అక్కర్లేదు. పలికిందా లేదా, అంతే" అన్నాడు అవధానులు. రాజు అవునని తల ఊపాడు. పెద్దాయన నాదస్వరం గుడ్డలో చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఒక వైణికుడు, ఆ తర్వాత మరికొందరు.

దాంతో సభలో పాటలన్నీ ఒక్కలాగే అయిపోయాయి. వచ్చినవాడల్లా చిన్నప్పుడు నేర్చుకున్న ఏదో వర్ణం ఎత్తుకుని, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు పాడేసి, దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. వినేవాళ్ళకు ఆవులింతలు వచ్చేవి. రాజుకూ వచ్చేవి. ఎందుకు వస్తున్నాయో మాత్రం ఆయనకు అంతుపట్టేది కాదు.

ఇలా ఉండగా వసంతోత్సవాల్లో ఒక మధ్యాహ్నం మంగతాయి పాడడానికి కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఊళ్ళో ఆడపిల్లలు సగం మంది ఆమె దగ్గర పాఠం మొదలుపెట్టినవాళ్ళే. ఆమె కూడా భద్రంగా ఉంటుందని మోహన రాగంలో ఒక తేలికపాటి కీర్తన ఎత్తుకుంది. మోహనలో ఉన్నవి అయిదే స్వరాలు. మధ్యమం, నిషాదం ఆ గడప తొక్కకూడదు.

పల్లవి మొదట్లో బుద్ధిగానే పాడింది. ఆ తర్వాత ఆమెకే విసుగు పుట్టిందో, మృదంగం హుషారెక్కించిందో, గాంధారం మీదినుంచి పంచమానికి ఒక కొత్త సంగతి, అంటే అదే వరసను ఇంకోలా తిప్పి పాడే విరుపు, వేయబోయింది. సంగతి సగంలో గొంతు జారి, రాకూడని మధ్యమం రవ్వంత పలికింది.

"ఆగు" అన్నాడు అవధానులు, కళ్ళు తెరిచి. "మోహనలో మధ్యమం. ప్రభువులు విన్నారు కదా."

రాజు ఆ సమయానికి తాంబూలం అందుకుంటున్నాడు. ఏమీ వినలేదు. "వినకేం" అన్నాడు.

మంగతాయి లేచి నిలబడింది. "జారింది ప్రభూ. కొత్త సంగతి, గొంతుకు ఇంకా అలవాటు కాలేదు. ఎక్కడ జారిందో నాకు తెలిసింది, ఇంకోసారి పాడితే సరిగ్గా వస్తుంది. అన్నం మానేయమనండి, మానేస్తాను. పాట మానేయమంటే ఇంట్లో కూర్చుని నేనేం చేయను?"

"శాసనానికి కారణాలు అక్కర్లేదు" అన్నాడు అవధానులు.

అప్పుడు వెనక వరసలోంచి దేచన్న లేచాడు. దేచన్నది ఆస్థానంలో ఏ ఉద్యోగమో ఎవరికీ సరిగా తెలియదు. రాజుకు కోపం వచ్చినప్పుడు మాట్లాడడం ఆయన పని. తక్కిన వేళల్లో భోజనం చేసేవాడు.

"మహాప్రభూ, చిన్న సందేహం. దొంగతనం విచారణ అయితే దొంగసొత్తు తెచ్చి సభలో పెడతారు. ఇక్కడ ఒక మనిషికి జన్మకు సరిపడా శిక్ష పడబోతోంది, తప్పు మాత్రం గాలిలో కలిసిపోయింది. నాలాంటి చెవిటి మాలోకానికి అదెలా ఉంటుందో కూడా తెలియలేదు. ఒకసారి చూపిస్తే బాగుండును."

"నీకెందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నాడు అవధానులు.

"తప్పు ఎలా ఉంటుందో తెలిస్తే మేమూ జాగ్రత్తపడతాం కదండీ. అంత సూక్ష్మం పాడి చూపగలవారు ఈ సభలో తమరు కాక ఇంకెవరున్నారు? పోనీ, కష్టమైతే వద్దులెండి."

ఆ చివరి మాట పనిచేసింది. అవధానులు ఉత్తరీయం సర్దుకుని, గొంతు సవరించుకుని, మోహనలో ఆ పల్లవి ఎత్తుకున్నాడు. ఆ సంగతే వేసి, సరిగ్గా ఆ చోటే మధ్యమం పలికించాడు. నిజం చెప్పుకోవాలి, గొంతు బాగానే ఉంది.

"ఆహా" అన్నాడు దేచన్న. "కానీ మరీ చురుగ్గా పోయిందండీ. నా చెవికి అందలేదు."

అవధానులు విసుక్కుంటూ మళ్ళీ పాడాడు. ఈసారి నెమ్మదిగా, మధ్యమం మీద కాస్త నిలిచి మరీ పాడాడు.

సంగీతం గురించి ఇంత మాట జరుగుతున్నా, తనను ఎవరూ ఏమీ అడగకపోవడం రాజుకు నచ్చలేదు. "అలా కాదు అవధానులు గారూ. ఆమె అంతసేపు నిలపలేదు. ఇదుగో, ఇలా" అని, విననిది కూడా విన్నట్టే ఎత్తుకున్నాడు. రాజుగారి మధ్యమం సభ ఆ చివరిదాకా వినిపించింది.

దేచన్న చేతులు కట్టుకుని వినయంగా ముందుకు వచ్చాడు. "ఇప్పుడు బోధపడింది ప్రభూ. ఇక శిక్ష సంగతి. ముగ్గురికీ ఇవాళే అమలు జరిపిస్తారా, మంచిరోజు చూడమంటారా?"

"ముగ్గురెవరు?"

"మంగతాయి తెలియక ఒకసారి పాడింది. అవధానులు గారు తెలిసి రెండుసార్లు పాడారు. ప్రభువులవారు ఒకసారి, నిండు గొంతుతో. సభంతా విన్నది, సాక్ష్యానికి లోటు లేదు."

అవధానులు పీట మీదినుంచి లేచాడు. "నేను చూపించడానికి పాడాను. అది తప్పెలా అవుతుంది?"

"శాసనానికి కారణాలు అక్కర్లేదని తమరే అన్నారు కదండీ. ఆ పెద్దాయన జలుబు పనికిరాలేదు. ఈమె గొంతుకు అలవాటు లేకపోవడం పనికిరాలేదు. తమరి చూపించడం ఎలా పనికొస్తుంది?"

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "దేచన్నా, నా నోరే కట్టేస్తావా?"

"నేనెంతవాణ్ణి ప్రభూ? చిన్నా పెద్దా చూడకుండా అని దండోరా వేయించింది తమరే. ఒక్క మనవి. రేపు తెల్లవారి తమరు అలవాటు కొద్దీ తంబూరా ముట్టుకుంటే కాపలావాళ్ళు ఏం చేయాలో ముందే చెప్పించండి. పాపం, వాళ్ళు ఇబ్బంది పడతారు."

రాజు కళ్ళముందు ఆ ఉదయం కదిలింది. రేపు తెల్లవారుతుంది. లేస్తాడు, ముఖం కడుక్కుంటాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎల్లుండీ ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ శిక్షను వేశాడే గాని, అది వేసుకుని ఒక పూట గడపడం ఎలాగో ఆయన ఎన్నడూ ఊహించలేదు. తన దాకా వస్తే గాని తెలియదని ఊరికే అనలేదు.

తలెత్తి మంగతాయి వంక చూశాడు. ఆమె తంబూరాను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. జలుబు చేసిన ఆ పెద్దాయన గుర్తుకొచ్చాడు. ఇప్పుడాయన ఇంట్లో ఏం చేస్తుంటాడో అనుకున్నాడు.

"ఆ శాసనం రద్దు" అన్నాడు. "పాట మాన్పించిన వాళ్ళందరినీ సగౌరవంగా పిలిపించండి. తప్పయిందని వాళ్ళకు నేనే చెప్పుకుంటాను." గొంతు తగ్గించి, "నిజం చెప్పనా దేచన్నా, ఆమె పాడినప్పుడు నేను తాంబూలం వేసుకుంటున్నాను. అసలు వినలేదు" అన్నాడు.

"తెలుసు ప్రభూ. ఆమె మధ్యమం రవ్వంత. తమరిది రాజవైభవంగా వచ్చింది."

సభలోవాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. రాజు చూడనట్టు ఊరుకుని, "కూర్చో మంగతాయీ, ఆ పల్లవి మళ్ళీ పాడు" అన్నాడు.

మంగతాయి కూర్చుంది. మృదంగం అందుకుంది. ఆ కొత్త సంగతి దగ్గరపడుతుంటే సభ అంతా ఊపిరి బిగబట్టింది. మంగతాయి గాంధారం మీద ఒక్క లిప్త నిలిచి, మధ్యమం జోలికి పోకుండా నేరుగా పంచమాన్ని అందుకుంది. ఎక్కడా మచ్చ లేదు. వెనక వరసలో ఎవరో భళా అన్నారు. రాజ్యంలో ఆ మాట వినిపించి చాలా కాలమైంది.

ఆ తర్వాత అనుపల్లవి కూడా చక్కగా సాగింది. చరణం మరీ సులువు, పిల్లలు కూడా పాడేస్తారు. సరిగ్గా అక్కడ మంగతాయి తాళం తప్పి, ముందే అందుకుంది. మృదంగం వెతుక్కుంటూ ఆగింది.

అందరూ రాజు వంక చూశారు.

"ఆ చోటికే భయపడుతూ వచ్చాను ప్రభూ. అది దాటాక ఇది జారింది" అంది మంగతాయి.

"నన్నెందుకు చూస్తారు?" అన్నాడు రాజు. తొడ మీద తాళం వేస్తున్న ఆయన చేయి ఎప్పుడో ఆగిపోయి ఉంది. "నేనూ ఆ సంగతి దగ్గరే ఊపిరి బిగబట్టాను. అది గట్టెక్కిన సంతోషంలో తాళమే వదిలేశాను. ఇప్పుడు ఎక్కడున్నామో నాకూ తెలియదు."

అని పకపకా నవ్వాడు. సభ అంతా ఆయనతోపాటు నవ్వింది. నవ్వుతూనే రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి దేచన్న మెడలో వేసి, భుజం మీది శాలువా మంగతాయికి కప్పించాడు.

"అమ్మా, మళ్ళీ అందుకో" అన్నాడు.

మృదంగం మొదటి దెబ్బ వేసింది. మంగతాయి చరణం మొదటినుంచి అందుకుంది. ఈసారి అవధానులు కూడా కళ్ళు మూసుకోవడం మరిచిపోయి, ఆమెతోపాటు తాళం వేశాడు.