బుగ్గలో ముద్ద

పూర్వం ఒక ఓడలో రెండు భోజనశాలలు ఉండేవి. కింది అంతస్తులో గంజి ఊరికే పోసేవారు. పై అంతస్తులో విందుకు వేరే వెల. గంజి అయిపోయిన రోజున, వలలు అల్లుకునే పైడమ్మ ఆకలికి ఏడుస్తున్న మూడేళ్ల కూతురు గవరమ్మను ఎత్తుకుని పైకి వెళ్లింది.

పంక్తిలో కూర్చుని పిల్ల నోట్లో ముద్ద పెట్టాకే ఆమె గోడకేసి చూసింది. మనుషులు లేని నలభై నీడలు అక్కడ వేలాడుతూ, ఇంకా చేతులు నోటికి ఎత్తుకుంటున్నాయి.

"వెల అదే," అన్నాడు విందు దొర, మీసం దువ్వుకుంటూ. "తిని లేచినవాళ్ల నీడ నాది. రేవు చేరేదాకా ఈ ఓడలో నా మాటే శాసనం."

ఇంకో గంటకు గాని రేవు రాదు. అంతలో ఇంట్లో రోజూ పిల్ల చేత ముద్ద మింగించడానికి పడే పాట్లు పైడమ్మకు గుర్తొచ్చాయి.

"పంక్తిలో అందరూ తినేదాకా ఎవరూ లేవకూడదంటారు. ఆ మర్యాద ఇక్కడుందా బాబూ?"

"మర్యాద నువ్వు నాకు నేర్పుతావా? ఆఖరివాళ్లు మింగేదాకా ఒక్కరూ లేవరు!"

"అయితే సరే," అని పైడమ్మ కూతుర్ని బతిమాలడం మానేసింది.

ఆకలి కాస్త తీరగానే గవరమ్మ రోజూలాగే ముద్దను బుగ్గన పెట్టుకుని కూర్చుంది. మిగతా పదకొండుమందికీ ఎంగిలిచేతులు ఎండిపోయాయి. చివరికి దొరే కింద చతికిలబడ్డాడు.

"ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద. మింగు తల్లీ!"

పిల్ల తల అడ్డంగా ఊపింది. గోడమీది నీడలు కూడా చేతులు దించి, ఆ బుగ్గకేసే తిరిగాయి.

ఓడ రేవుకు తగిలింది. పదముగ్గురూ గబగబా దిగారు. పైడమ్మ కూతుర్ని ఇసుకలో దించి నీడలు లెక్కపెట్టింది. పదమూడూ ఉన్నాయి. అప్పుడు గవరమ్మ గుటుక్కున ముద్ద మింగింది.

వెనక ఖాళీ ఓడలోంచి దొర గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. "మింగు తల్లీ... మింగు..."