చంకలో బిళ్ల

పైడయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పేషెంటుని చూపించేవారు. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రి ఆయనది. పెద్ద డాక్టరే అయినా ఊరందరికీ మాస్టారే. చదువు పూర్తయిన కుర్ర డాక్టర్లు ఆయన దగ్గర చెయ్యి తిరగడం కోసం వచ్చి ఉండేవారు. వాళ్లలో సూరి పాతవాడు, ఎస్తేరు కొత్తగా వచ్చిన పిల్ల.

ఎస్తేరు వచ్చిన దగ్గర్నుంచీ సూరికి తిన్నది ఒంటబట్టడం లేదు. ఆ పిల్ల నవ్వితే వెకిలి, నవ్వకపోతే పొగరు. చెప్పులు గుమ్మం దగ్గర విడిస్తే దారికి అడ్డం, దూరంగా విడిస్తే నాటకం. "ఇలా రా అమ్మా, ఇది చూడు" అని మాస్టారు ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిస్తే చాలు, ఇతను కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడు. ఒకప్పుడు ఆ పిలుపు తనది మరి! ఈ మంట ఎక్కడ అంటుకుందో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. సూరి చూసి 'ఏమీ లేదు' అని పక్కన పెట్టేసిన రక్తపు స్లైడులో ఆ పిల్ల మలేరియా క్రిమిని పట్టుకుంది. చెప్పుల సంగతి పదిమందికీ చెప్పుకున్నాడు గానీ, ఈ ముక్క మాత్రం సూరి నోట ఎన్నడూ రాలేదు.

ఒకనాడు ఇక పట్టలేక అందరి ముందే అడిగేశాడు.

"మాస్టారూ, ఈవిడ అడుగుపెట్టాక మనశ్శాంతి లేదు. ఈవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి."

చేతులు కడుక్కుంటున్న ఎస్తేరు కొళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. పాపం, ఆ పిల్లకి వెళ్లడానికి వేరే చోటు లేదు. సూరికీ ఈ ఆసుపత్రి తప్ప మరో లోకం లేదు.

"తేలుద్దాం. ముందు ఆ పోలమ్మని చూడు" అన్నారు మాస్టారు.

పోలమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. కుడిచెయ్యి ఒంటికి ఆనించలేక ఎడంగా ఎత్తి పట్టుకుని కూర్చుంది.

"సంకలో బిల్ల కట్టీసింది బాబూ. పేణం పోతన్నాది."

సూరి వేళ్లతో నొక్కి చూశాడు. ఆమె కెవ్వుమంది. "గడ్డ. కోసేస్తే పోతుంది" అని, ఎస్తేరు తనని చూస్తోందో లేదో ఓసారి చూసుకుని మరీ కత్తి అందుకున్నాడు.

"కోద్దువుగానిలే. ఆ బిళ్ల చేసిన నేరమేమిటో చెప్పి కొయ్యి" అన్నారు మాస్టారు.

సూరి రెండో చేత్తో బిళ్లని మళ్లీ తడిమాడు. మాస్టారే చెప్పారు, పోలమ్మకి కూడా అర్థమయ్యేలా. "అది ఠాణా నాయనా. చంకలో, మెడలో, గజ్జల్లో ఇలాంటివి బోలెడున్నాయి. గొంతు దగ్గర టాన్సిళ్లది కాపలా, రక్తాన్ని జల్లెడ పట్టేది ప్లీహం. శత్రువు ఏ దారిన వస్తే ఆ దారిలో ఉన్న ఠాణాకి జవాన్లు పరిగెత్తుకొస్తారు. అందుకే వాపు. ఆ జవాన్లు పుట్టేది ఎముకల మూలుగలో. వాళ్లలో కొందరిని రొమ్ము ఎముక వెనక థైమస్ అనే బడికి పంపుతారు. ఆ బళ్లో గట్టెక్కేది ఏ కొద్దిమందో. తప్పేవాళ్లలో చేతకానివాళ్లూ ఉంటారు, సొంత ఒంటి మీదే కత్తి ఎత్తేవాళ్లూ ఉంటారు. రెండో రకాన్ని ఎంత బలమున్నా సరే గడప దాటనివ్వరు."

సూరి తన చేతిలో ఉన్న కత్తి వంక చూసుకున్నాడు. మెల్లిగా ట్రేలో పెట్టేశాడు.

"చంక చూశావు, బాగానే ఉంది. చెయ్యి చూశావా?"

అప్పుడు కనబడింది పోలమ్మ చూపుడువేలికి చుట్టిన గుడ్డపేలిక.

"అదా బాబూ! జెల్లముల్లు గుచ్చుకుంటే పసుపద్దేను. అది నొప్పి నేదు. నొప్పంతా ఈ మాయదారి బిల్లదే" అని కొట్టిపారేసింది పోలమ్మ.

సూరి గుడ్డ విప్పాడు. వేలు వాచి చీము పట్టి ఉంది. ఎస్తేరు లైటు పట్టుకుంటే, లోపల విరిగి ఉండిపోయిన చేపముల్లుని అతనే తీశాడు. శుభ్రంగా కడిగి కట్టు కట్టాడు, మందులు రాశాడు. చంకలో బిళ్ల జోలికి ఎవరూ పోలేదు. ముల్లు పోయాక జ్వరం దిగింది, బిళ్ల దానంతటదే అణిగింది. పోలమ్మ ఆ చేత్తోనే ఎండుచేపల బుట్ట ఎత్తుకొచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రంతా ఒకటే కంపు, అందరికీ ఒకటే సంబరం.

ఒక్క సూరికి తప్ప. ముల్లు తీసింది తను. ఊరంతా మెచ్చుకుంది కూడా తననే. అయినా "లైటు కదలకుండా భలే పట్టావమ్మా" అని మాస్టారు ఎస్తేరుతో అన్న ఆ ఒక్క మాట అతనికి రాత్రీ పగలూ గుచ్చుకుంటూనే ఉంది. బుట్ట అలా లోపలికి వెళ్లిందో లేదో, మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా సంగతి తేల్చలేదు మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఆ పిల్లని పంపించేస్తే నీ వాపు తగ్గుతుందంటే, సాయంత్రం బస్సుకే పంపించేస్తాను సూరీ" అన్నారు. "ముందు నీ చెయ్యి చూపించు."