మనసు చెప్పేసే చీర

ఇదిగో, దుప్పటి లాక్కోకండి, అందరికీ సరిపోతుంది. అనగనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక ఊరు, ఆ ఊళ్ళో కనకవల్లి అని ఒకావిడ. ఇప్పుడు డిజైనరంటారే, అదన్నమాట. నడిస్తే వెలిగే పావడా, ఎండలో చల్లబడే కండువా, అలాంటివి తయారుచేసేది. ఊ కొడుతున్నారా?

రాజుగారింటికి కొత్త కోడలొస్తోంది, పద్మగంధి అని. లోకంలో ఎవరూ కట్టని చీర కావాలంది రాణి. వెంట్రుక కన్నా సన్నటి తీగెలు పట్టులో కలిపి నేసింది కనకవల్లి. ఒంటి వేడి, గుండె దడ ఆ తీగెలకి తెలిసిపోతాయి. సంతోషమైతే చీర పసుపు, సిగ్గయితే ఎరుపు, భయమైతే నీలం. ఈ సంగతి రాణికి చెప్పింది, రాజుకి చెప్పింది, మంత్రికి చెప్పింది, చాకలికీ చెప్పింది. కట్టుకునే పిల్లకి మాత్రం చెప్పలేదు.

ఆ చీర కట్టుకుని కోడలు గడప దగ్గరికొచ్చింది. ఆడపడుచులు అడ్డం నిలబడ్డారు. మనిళ్ళల్లో లాగే, మొగుడి పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వరు. చెప్పింది. చీర ఎర్రబడింది, అందరూ నవ్వారు. అప్పుడు రాణి, మా ఇల్లు నచ్చిందా అని అడిగింది. నచ్చిందత్తయ్యా అందా పిల్ల. చీరంతా నీలమైపోయింది. కుచ్చిళ్ళు నీలం, అంచు నీలం, కొంగు నీలం.

రాణి మొహం మాడిపోయింది. ఇల్లు నచ్చని కోడలు నాకొద్దు, వచ్చిన పల్లకీలోనే పొమ్మంది. కనకవల్లేమో ఇంకా, చూశారా నా పనితనం అని పక్కవాళ్ళతో గొప్పలు పోతోంది. పిల్ల కొంగుతో మొహం దాచుకోబోయింది. కొంగూ నీలమేగా, ఎక్కడ దాక్కుంటుంది పాపం? అది చూసి కనకవల్లికి తల కొట్టేసినట్టయింది. ఎంత పాడు పని చేశాను అని కుమిలిపోయింది.

ఆ పిల్లని చాటుకి తీసుకెళ్ళి, తన నేతచీర ఆమెకి కట్టి, ఆ రంగుల చీర తను కట్టుకుని, ఆమెని వెంటబెట్టుకొచ్చి గడప ముందు నిలబడింది.

"తప్పు నాదమ్మా. కొత్తింట్లో ఏ పిల్లకి భయముండదు? ఆ భయాన్ని, తననడక్కుండా నలుగురిలో పరిచాను" అంది రాణితో.

చీర భగభగా ఎర్రబడింది. ఊరంతా చూస్తోంది. తల దించుకుంది గానీ, కదల్లేదు.

రాణి గడప దాటి కోడలి దగ్గరికొచ్చింది. "నేనీ గడప తొక్కినరోజు నాకూ కాళ్ళు వణికాయి. నా చీరకి నోరు లేదు కాబట్టి బతికిపోయాను" అని కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అందరూ సుఖంగా ఉన్నారు. కనకవల్లి ఒంటిమీద ఎరుపు మాత్రం ఇంటికెళ్ళేదాకా తగ్గలేదు.

ఎవరి మనసు సంగతి వాళ్ళే చెప్పుకోవాలర్రా, మనం విప్పి చూపించకూడదు. ఏం చిట్టీ, అక్క ఏడ్చిన సంగతి బళ్ళో అందరికీ చెప్పొచ్చావటగా? ఊ కొట్టవేం? సర్లే, దుప్పట్లో దూరింది చాలు, అక్క వైపు తిరిగి పడుకో. కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం.