మంచుదేశపు ముసలమ్మ తలుపు

అనగనగా అంటే ఎప్పుడని అడగకండి పిల్లలూ, అడవిలో పంచాంగాలు ఉండవు. ఒక అడవి ఉండేది. ఆ అడవికో సింహరాజు ఉండేవాడు. ఆ రాజుగారి పాఠశాలలో అందరికన్నా వెనక వరుసలో ధూసర అనే గాడిదపిల్ల కూర్చునేది. మన కథ దానిదే.

ఆ అడవి కొలనుకు ఏటా చలికాలంలో మంచుదేశం నుంచి బాతులు వచ్చేవి. దూరం నుంచి వచ్చిన మాట గొప్ప మాట అని రాజుగారికి తోచింది. వెంటనే చాటింపు వేయించారు. పై పాఠశాలకు వెళ్లాలంటే బాతుల భాషలో ఒక కథ చదివి, దాని మీద పరీక్ష నెగ్గాలి. మూడుసార్లు తప్పినవాళ్లు బతికినంత కాలం కోటకు రాళ్లు మొయ్యాలి. రాజుగారికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా పరీక్ష పెట్టేవాళ్లకు రావాలని ఎక్కడుంది?

మొదటి ఏడు ధూసర చిలుక దగ్గర చదువుకుంది. "అర్థం సంగతి తర్వాత. ముందు తడబడకుండా వల్లె వెయ్యి" అంది చిలుక. ధూసర సారాంశమంతా వల్లె వేసింది. తీరా పరీక్షలో నడుమ ఒక్క మాట జారిపోయింది. దారం తెగిన పూసల్లా మిగతావన్నీ రాలిపోయాయి. పరీక్ష తప్పింది.

రెండో ఏడు నక్క దగ్గరికి వెళ్లింది. "ఈసారి వచ్చే ప్రశ్నలు ఇవే. నా తోక మీద ఒట్టు!" అంది నక్క. ధూసర అవే చదివింది. వాటిలో ఒక్కటీ రాలేదు. ఇదేమిటని అడిగితే నక్క తోక ఊపుతూ, "ఒట్టు తోక మీద పెట్టాను గానీ తలకాయ మీద పెట్టానా?" అంది. పరీక్ష మళ్లీ తప్పింది.

మూడో ఏడు వచ్చింది. ఇక ఇదే ఆఖరు. ధూసర తల్లి అప్పటికే కోటకు రాళ్లు మోస్తోంది. దాని వీపంతా పుళ్లే. తన బిడ్డకు ఆ బతుకు వద్దని ఆ తల్లి మొక్కని దేవుడు లేడు. అందుకని ఈసారి ధూసర భల్లూకాచార్యుల వ్యాఖ్యానం తెచ్చుకుంది. ఆయన ఆస్థాన పండితుడు, ఎలుగుబంటి. పరీక్ష చేసేదీ ఆయనే. ఆ వ్యాఖ్యానం గుమ్మడికాయంత బరువు. పొద్దున అదే చదువు, సాయంత్రం అదే చదువు. కళ్లు మండేవి. నోట్లో గడ్డి పెట్టుకుని నమలడం మరిచిపోయేది. చదివిన పంక్తినే మళ్లీ చదివి, ఇది చదివానా లేదా అని బిక్కమొహం వేసేది. పాపం, ఆ అలసట చూస్తే రాయికైనా జాలి కలిగేది.

పరీక్ష దగ్గర పడింది. ఒక మిట్టమధ్యాహ్నం తల్లి రాళ్లు దించి, నేరేడు చెట్టు నీడలో నడుం వాల్చింది. ధూసర పక్కన కూలబడింది.

"అమ్మా, ఇక నా వల్ల కాదే. ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు."

తల్లి కళ్లు తెరవకుండానే అంది. "ఎక్కకపోతే కాసేపు పక్కన పెట్టు తల్లీ. నాకూ ఒళ్లు పచ్చి పుండులా ఉంది. ఆ కథేదో చెప్పు, వింటూ కునుకు తీస్తాను."

ధూసర గొంతు సవరించుకుంది. "ఈ కథలో ముఖ్య పాత్ర ముసలమ్మ. ఆమె సకల సద్గుణ సంపన్నురాలు. మంచు తుఫానులో సైతం తలుపు మూయలేదు. ఏలననగా అతిథి దేవుడు..."

"అది పొగడ్తే పిల్లా. కథ చెప్పమన్నాను."

ధూసర నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. మూడేళ్లుగా కథ గురించి చదివింది గానీ, కథ చదవనే లేదు! దానికి సిగ్గు వేసింది, ఏడుపూ వచ్చింది. లేచి వెళ్లి, పాఠశాల మూలన పుస్తకాల అడుగున చెదలు పట్టిన బెరడు ముక్క ఒకటి వెతికి తెచ్చింది. బాతులు రాసిచ్చిన అసలు కథ అది. మూడేళ్లలో అంతో ఇంతో వంటబట్టిన బాతుల భాషలో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, తల్లికి అర్థమయ్యేలా చదివి చెప్పసాగింది.

మంచుదేశంలో ఒక ముసలమ్మ. ఆమెకు ఎవరూ లేరు, ఒక్క మేక తప్ప. ఒకనాడు మేక మేతకు వెళ్లింది. ఇంతలో తుఫాను పట్టుకుంది. ముసలమ్మ తలుపు బార్లా తెరిచింది. మంచు లోపలికి కొట్టి పొయ్యి ఆరిపోయింది. తలుపు వేసుకోమని ఇరుగుపొరుగువాళ్లు అరిచారు. "మూస్తే, అది వచ్చి బయటే నిలబడిపోతుంది" అంది ముసలమ్మ. ఖాళీ పలుపుతాడు చేత పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కథ అక్కడితో అయిపోయింది.

ధూసర బెరడు తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. తల్లి నిద్రపోయింది. ధూసర మాత్రం అలా కూర్చునే ఉండిపోయింది. అంత అలసటలోనూ దానికి ఆ మేక మీద బెంగ పట్టుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. సభలో రాజుగారు, ఆయన పక్కన భల్లూకాచార్యులు. ఒక మూల, చూడవచ్చిన ముసలి బాతు ఒకటి.

"ముసలమ్మ తలుపు ఎందుకు మూయలేదు?" అని అడిగారు ఆచార్యులు.

"అతిథి దేవుడు గనక" అంది కుందేలు. ఆచార్యులు తల ఊపారు, కుందేలు నెగ్గింది. "అతిథి దేవుడు గనక" అంది కోతి. అదీ నెగ్గింది. ఆ వెనక జింకపిల్ల, ముంగిస కూడా అదే పాట పాడి గట్టెక్కాయి.

ధూసర వంతు వచ్చింది. ఆ మూడు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. అనేస్తే గండం గడుస్తుంది. అనకపోతే రాళ్లు. కానీ ఖాళీ తాడు పట్టుకుని కూర్చున్న ముసలమ్మ కళ్లెదుట మెదిలింది. ఆమె మీద అబద్ధం చెప్పడానికి ధూసరకు మనసొప్పలేదు.

"మేక కోసమండీ" అంది మెల్లగా.

సభంతా గొల్లుమంది. "ఏ మేక? నా వ్యాఖ్యానంలో మేకే లేదు!" అని ఆచార్యులు గుడ్లురిమారు. "గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!"

అప్పుడు ముసలి బాతు లేచి ముందుకొచ్చింది. "ఆ మేక తిరిగి వచ్చిందా తల్లీ?" అని అడిగింది.

"తెలియదమ్మా. బెరడు అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా రాయలేదు. వచ్చి ఉంటే బాగుండును."

"చూశారా ప్రభూ, తెలియదట!" అన్నారు ఆచార్యులు.

"మాకూ తెలియదు నాయనా" అంది బాతు. "మా దేశంలో ఈ కథ విన్న ప్రతి పిల్లా, వచ్చి ఉంటే బాగుండునని ఆ మాటే అంటుంది. కథ చదివినట్టు గుర్తు అదే. అయినా అంత తుఫానులో చుట్టపుచూపుకు ఎవరొస్తారు?"

రాజుగారు ఆచార్యుల వైపు తిరిగారు. "మీరు ఆ కథ చదివారా?"

"మా గురువుగారు చెప్పారు ప్రభూ."

"ఆయన చదివారా?"

"వారికి వారి గురువుగారు చెప్పారు." ఆచార్యుల గొంతు సన్నబడిపోయింది.

రాజుగారు ధూసరను పై పాఠశాలకు పంపమన్నారు. మిగిలినవాళ్లంతా, ఆచార్యులతో సహా, కథ చదువుకుని మళ్లీ రావాలన్నారు.

ధూసర బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర తల్లి నిలబడి ఉంది. రాళ్లు మొయ్యడానికి బిడ్డ వీపుకు కొలిచి కుట్టిన కొత్త గంత దాని నోట ఉంది. పరీక్ష తప్పితే ఆ పూటే వెయ్యమని కోట మేస్త్రీ ఇచ్చి పంపాడు.

"నెగ్గానమ్మా" అంది ధూసర.

తల్లి నోట్లోని గంత కింద పడేసి, బిడ్డ మెడ మీద తల ఆనించి, కళ్ల నీళ్లు ఆగేదాకా ఏడ్చింది.

పదిమంది అప్పజెప్పిన సారాంశం కన్నా సొంతంగా చదువుకున్న ఒక్క పుట మేలు. తెలియనిది తెలియదని చెప్పగలగడం అంతకన్నా మేలు.