సింగారికి పల్లీలు పడవు

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. చదువంటే అందరికీ ఆవలింతలే గానీ, మధ్యాహ్నం గంట మోగిందంటే ఒక్కరూ ఆగేవారు కాదర్రా! జాంబయ్య అనే ఎలుగుబంటి మామ అక్కడ వంట చేసేవాడు. ఏ కూర వండినా సరే, చివర్లో వేయించిన పల్లీల పొడి చల్లాల్సిందే. ఆ వాసనకే నోట్లో నీళ్లూరేవి.

ఆ బడిలో చారుమతి అనే ఉడుతపిల్ల ఉంది. వీపు మీద చారలున్నాయని వాళ్లమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరు. అందరికంటే చిన్నది కాబట్టి మొదటి విస్తరి ఎప్పుడూ దానిదే. ఆ సంగతి అది ఎంత గొప్పగా చెప్పుకునేదో!

ఇంతలో సింగారి అనే జింకపిల్ల కొత్తగా బడిలో చేరింది. వాళ్లమ్మ జాంబయ్య దగ్గరికొచ్చి, "అన్నయ్యా, మా పిల్లకి పల్లీలు పడవు. కాస్త కనిపెట్టుకుని ఉండు" అని చెప్పి వెళ్లింది.

ఆ మాట చారుమతి చెవిన పడింది. "పడవా? మా అమ్మకీ అత్తకీ పడదు. అంటే ఒకరంటే ఒకరికి ఇష్టం లేదు. పల్లీలంటే ఇష్టం లేనివాళ్లు కూడా ఉంటారా? అబ్బో, ఎంత పొగరు!" అనుకుంది.

ఆ రోజు మొదటి విస్తరి సింగారికి వేశారు. వేరే గిన్నె, వేరే గరిటె, పొడి చల్లకముందే తీసిపెట్టిన కూర. ఆ తర్వాతే చారుమతికి వడ్డన. దాని కడుపు భగ్గుమంది.

"మామా, నాకూ వేరే గరిటె కావాలి!" అంది.

"నీకెందుకే? నీకు అన్నీ పడతాయిగా!" అని జాంబయ్య నవ్వేశాడు.

మర్నాడు మూతి ముడుచుకుని అన్నం మానేసింది. ఎవరూ బతిమాలలేదు. "ఏం, దానికేమైనా కొమ్ములొచ్చాయా?" అని గొణిగింది. "ఆడజింకకి కొమ్ములెక్కడివే పిచ్చిదానా!" అని పక్కనున్న కుందేలు పకపకా నవ్వింది. చారుమతికి ఇంకా ఉక్రోషం వచ్చింది.

ఆ మరుసటి రోజు జాంబయ్య నీళ్లకి వెళ్లాడు. చారుమతి చప్పుడు కాకుండా వచ్చి, సింగారి గిన్నెలో చిటికెడు పల్లీల పొడి కలిపేసింది. "ఇప్పుడు తిను! ఏమీ కాకపోతే నీ వేషాలు అందరికీ తెలుస్తాయి" అనుకుంది.

సింగారి రెండు ముద్దలు తిందో లేదో, మూతి దురద అంది. పెదాలు ఉబ్బాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. "అమ్మా... ఊపిరి..." అంటూ పక్కకి ఒరిగిపోయింది.

కుందేలు పరుగున వెళ్లి ముళ్లపంది డాక్టరమ్మని తీసుకొచ్చింది.

"ఏం తింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"పల్లీ తగలకుండానే వండాను తల్లీ! తేనెటీగ ఏదైనా కుట్టిందేమో" అంటూ జాంబయ్య తల బాదుకున్నాడు. అందరూ సింగారి కాళ్లూ చెవులూ వెతకసాగారు.

చారుమతి మెల్లగా అందరి వెనక్కి జరిగింది. చెబితే చీవాట్లు, బడిలోంచి గెంటేస్తారేమో కూడా. చెప్పకపోతే? సింగారి గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది.

"పల్లీల పొడి! నేనే కలిపాను! చిటికెడే!" అని అరిచేసింది.

డాక్టరమ్మ మరుక్షణం సింగారి తొడకి సూది మందు గుచ్చింది. కాసేపటికి ఈల చప్పుడు తగ్గింది. సింగారి కళ్లు తెరిచింది. అయినా డాక్టరమ్మ దాన్ని వదలకుండా తన ఆసుపత్రికి తీసుకెళ్లింది.

వెళ్లేముందు చారుమతి వైపు తిరిగి, "ఇష్టం లేకపోవడం వేరు, ఒంటికి పడకపోవడం వేరు. మన ఒంట్లో ఒక కాపలావాడు ఉంటాడు. సింగారి ఒంట్లోవాడు పల్లీని చూసి దొంగ అనుకుని ఇల్లంతా పీకి పందిరేస్తాడు. అది వేషం కాదే. చిటికెడు చాలు ప్రాణం మీదికి రావడానికి" అంది.

"నాకు పూల పుప్పొడి పడదు. తుమ్మి తుమ్మి చస్తాను" అంది కుందేలు మెల్లగా.

చారుమతి వెక్కి వెక్కి ఏడ్చింది. కబురు విని పరుగున వచ్చిన జింకమ్మ మాత్రం దాని మొహం చూడలేదు. "నా బిడ్డ దగ్గరికి రాకు" అంది. తప్పు చేసింది కదా, చారుమతి తల దించుకుంది.

అప్పటినుంచి చారుమతి బడిలో పల్లీ ముట్టలేదు. సింగారి గరిటె తోమే పని అడిగితే జాంబయ్య ఒప్పుకోలేదు. దూరంగా కూర్చుని తినేది. మొదటి విస్తరి ఎవరికి వేసినా దానికిప్పుడు మంట పుట్టడం లేదు.

చాలా రోజులకి ఒకనాడు సింగారి తనంతట తనే దాన్ని పిలిచింది.

"చారూ, చేతులు కడుక్కున్నావా?"

"మూతి కూడా కడుక్కున్నాను."

"నాకు పడనివి పల్లీలే. రా, ఇలా కూర్చో" అంది సింగారి.

నీతి: పక్కవాళ్లకి చూపించే జాగ్రత్తని గారాబం అనుకుని కుళ్లుకోకూడదు. వాళ్లు "పడదు" అంటే పరీక్ష పెట్టకుండా నమ్మాలి.