కాలు కింద పెట్టనియ్యని ఈదవ్వ

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగకండి. గుట్టలు ఇప్పటికన్నా ఎత్తుగా, మనుషులు ఇప్పటికన్నా మొండిగా ఉన్న కాలం. బోడగుట్ట కింద గొర్లకాపరుల పల్లె ఒకటి ఉండేది. ఇళ్ళు నలభై, గొర్రెలు నాలుగు వేలు, గుట్ట మీద తోడేళ్ళు ఎన్నో ఎవరికీ తెలియదు.

ఆ పల్లెలో ఈదవ్వ అని ఒకామె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, గొర్రె ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక కదురు, ఒక ముసలి కుక్క. ఊరివాళ్ళు గొర్రెలకు బొచ్చు కత్తిరించినప్పుడు ఇచ్చిన ఉన్నిని వడికి, గొంగళ్ళకు దారం తీసి బతికేది. పంచాయతీలో ఆమెకు మాట లేదు. పెళ్ళిళ్ళలో పీట లేదు. అలాంటి మనిషిని ఈ పూట ఎందుకు తలుచుకుంటున్నామంటే, కూర్చోండి, చెప్తాను.

ఆ పల్లెకు కుక్కల రోగం వచ్చింది. మొదటి రోజు కుక్కపిల్ల పెట్టిన జొన్నసంకటి, అదే గట్క, ముట్టదు. రెండో రోజు కక్కుతుంది. మూడో రోజు నెత్తురు పోతుంది, అంతే. పెద్ద కుక్కలు కొన్ని తట్టుకున్నాయి గానీ, పాలపళ్ళ పిల్ల ఒక్కటీ తట్టుకోలేదు. రెండేళ్ళు అట్లాగే గడిచింది. పెద్దవి ముసలివయ్యాయి, కొన్నింటిని తోడేళ్ళు తిన్నాయి, కొత్తవి నిలబడలేదు. కుక్క లేని మంద తలుపు లేని ఇల్లు. వారానికి మూడు గొర్రెపిల్లలు పోతున్నాయి.

అప్పుడు ఈదవ్వ ముసలి కుక్క ఆఖరి ఈత ఈనింది. మూడు పిల్లలు. అవి కళ్ళు తెరిచేదాకా పాలిచ్చి, ఇక నావల్ల కాదన్నట్టు పొయ్యి పక్కన పడుకుని కన్నుమూసింది. ఈదవ్వ కూర్చుని ఏడ్చింది. ఏడ్చాక లేచి, అడుక్కొచ్చిన గొర్రెపాలలో గుడ్డ పీలిక ముంచి మూడింటి నోళ్ళలో పెట్టింది.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. కుక్కపిల్ల కళ్ళు తెరిస్తే చాలు, పసుపు రాసి, డప్పు కొట్టి, గొర్రెల దొడ్డిలోకి తీసుకుపోయేవారు. నాలుగు కాళ్ళూ మట్టిలో ఆనించి అక్కడే వదిలేసేవారు. మట్టి తొక్కించడం అంటారు దాన్ని. మట్టి తొక్కని కుక్క మందను కాయదని తాతలనాటి మాట.

మొదటి పిల్లకు మట్టి తొక్కించారు. ఎనిమిదో రోజుకు దొడ్డిలోనే పోయింది. రోజు మంచిది కాదన్నారు. మంచి రోజు చూసి రెండోదానికి తొక్కించారు. అదీ ఎనిమిదో రోజుకే పోయింది. పసుపు తక్కువైందన్నారు. పసుపు తక్కువై ఎవరైనా చస్తారా అని ఈదవ్వ అడగలేదు. మూడో పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది.

మూడూ ఒక తల్లి పిల్లలే, మూడూ తాగింది ఒకటే పాలు. దొడ్డికి పోయినవి రెండూ పోయాయి, ఒళ్ళో ఉన్నది ఉంది. అంటే రోగం గాలిలో లేదు, పాలలో లేదు. ఎన్నో కుక్కలు నెత్తురు పోయి చచ్చిన ఆ దొడ్డి మట్టిలోనే ఉంది. పెద్ద కుక్కలు అదే మట్టి తొక్కి బతికాయి కదా అని మళ్ళీ ఆలోచించింది. బతికినవాటికి పాలపళ్ళు లేవు. అదీ తేడా.

ఆ రోజే ఇల్లంతా తీసి అలికింది. చెప్పులు చూరు కింద విడిచింది. గడప ముందు నీళ్ళకుండ పెట్టింది. పాత గొంగడి ముక్క చించి, మెడకు తగిలించుకునే జోలె కుట్టింది. కుక్కపిల్లకు మిగులు అని పేరు పెట్టింది, మూడింటిలో మిగిలింది కాబట్టి.

కులపెద్ద గట్టయ్య వచ్చాడు. అతను ఈదవ్వకు బావ వరస, మొగుడి పెదనాన్న కొడుకు. బావల ముందు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడే రోజులు కావవి. ఈదవ్వ కొంగు కప్పుకుని తలుపు చాటునుంచే పలికింది.

"కాళ్ళు కడుక్కొని రా బావా."

ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వడం మర్యాదే. గట్టయ్య మీసం సవరించుకుని, నేను కూర్చోడానికి రాలేదు, కుక్కపిల్లను తీసుకుపోవడానికి వచ్చానన్నాడు.

"కూసోకున్నా కడుక్కో. నీ కోసం కాదు, పిల్ల కోసం. దొడ్డి మట్టి నీ కాళ్ళకున్నది."

గట్టయ్య పుట్టి బుద్ధెరిగాక అట్లాంటి మాట వినలేదు. కుక్క కోసం కులపెద్ద కాళ్ళు కడుక్కోవడమా! వచ్చిన దారినే తిరిగి పోయాడు.

రెండోసారి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఈసారి ఈదవ్వ తలుపు చాటున లేదు, గడప మీద నిలబడింది. గట్టయ్య చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. మందలు ఖాళీ అవుతుంటే అతనికి నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ముద్దుగా పెరిగిన కుక్క గొర్రెను చూసి మొరుగుతుంది, తోడేలును చూసి తోక ముడుస్తుందని నచ్చజెప్పాడు. ఆ మాటలో నిజముంది. ఈదవ్వకూ తెలుసు.

"ఇంట్ల దాచిపెట్టను బావా. రేపటికెల్లి మంద యెంట నేనే తీస్కపోత," అంది. "చూడనీ, విననీ, వాసన పట్టనీ. కాలు మాత్రం కింద పెట్టనియ్య."

"ఎన్ని దినాలు?"

"పాలపన్ను ఊడేదాంక."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పన్ను ఊడడానికి నాలుగు నెలలు. అంతవరకు కుక్కను చంకనేసుకుని తిరుగుతుందట!

మూడోసారి వాళ్ళు రాలేదు, ఆమెనే పిలిపించారు. కులదేవుడు బీరప్ప గుడి ముందు కులమంతా కూర్చుంది. ఈదవ్వ మెడలో జోలె, జోలెలోనుంచి బయటికి రెండు చెవులు. కొంగు జారితే సర్దుకోలేదు. నడిమధ్యకొచ్చి నిలబడింది.

గట్టయ్య నేల చూపించి, దాన్ని ఇక్కడ దించు అన్నాడు.

"దించను."

"తాతలనాటి కట్టు ఈదవ్వా."

"తొక్కిన రెండు పిల్లలు యాడున్నయి బావా? జెర పిలువు, వస్తయేమో చూస్త."

గట్టయ్య మొహం మాడిపోయింది. నిజం చెప్పినవాడు అందరికీ శత్రువంటారు కదా, ఆడది చెపితే ఇక చెప్పాలా? కులం వెలేసింది. ఈమెకు నిప్పు ఇవ్వొద్దు. నీళ్ళు ఇవ్వొద్దు. పేరు పెట్టి పిలవొద్దు. తప్పయిందని కులం కాళ్ళ మీద పడితే అప్పుడు చూద్దాం.

ఈదవ్వ పడలేదు. నిప్పు లేకపోతే చెకుముకి రాయి తెచ్చుకుంది. బావి లేకపోతే వాగుకు పోయింది. ఉన్ని ఇవ్వకపోతే, గొర్రెలు రాసుకుపోయిన ముళ్ళకంపల మీద చిక్కిన ఉన్నిని ఏరుకుని వడికింది. చేతులు గీరుకుపోయాయి. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేకపోతే తన పేరు తనే చెప్పుకునేది, "ఈదవ్వా, లే, తెల్లారింది" అని.

పొద్దున్నే జోలె తగిలించుకుని మందల వెంట పోయేది. ఎవరూ ఆపలేదు. గుట్ట ఎవడి అబ్బ సొత్తు? మనుషులు పక్కకు తొలిగేవారు గానీ, గొర్రెలకు వెలి అంటే ఏమిటో తెలియదు కదా. అవి వచ్చి జోలెలో మూతి పెట్టేవి. మిగులు వాటి ముక్కులు నాకేది. పొట్టేలు పొడుస్తుందని తెలుసుకుంది, తల్లిగొర్రె అరుపు తెలుసుకుంది, కాపరి ఈల తెలుసుకుంది. నేల మాత్రం తెలియదు.

మొదటి నెల జోలె తేలికగా ఉంది. రెండో నెలకు మెడ లాగింది. మూడో నెలకు మిగులు మేకపిల్లంతయింది, జోలెలోనుంచి నాలుగు కాళ్ళూ వేలాడేవి. పల్లె పల్లెంతా నవ్వింది. కుక్కకు కాళ్ళెందుకిచ్చాడమ్మా దేవుడు అని వాగు దగ్గర ఆడవాళ్ళు గాలితో అన్నట్టు అనేవారు. ఈదవ్వ కూడా గాలితోనే చెప్పేది.

"చూడనీ, విననీ, వాసన పట్టనీ. కాలు మాత్రం కింద పెట్టనియ్య."

ఈలోగా గట్టయ్య పక్క ఊళ్ళనుంచి మూడు కుక్కపిల్లల్ని తెప్పించాడు. డప్పులతో మట్టి తొక్కించాడు. మూడూ పోయాయి. ఆ మూడింటినీ తట్టలో వేసుకుని పోయి పాతిపెట్టింది అతని కోడలు ఐలవ్వ. మనసులో పెట్టుకుంది.

ఒక పొద్దున గట్క తింటూ మిగులు దేన్నో ఉమ్మేసింది. జొన్నగింజంత పన్ను, తెల్లగా ఉంది. ఈదవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆమెకు భయం వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. తన లెక్క తప్పితే పోయేది తన మాట కాదు, మిగులు. అయినా నేల మీద నడవని కుక్క కుక్క కాదు. లేచి నేరుగా గొర్రెల దొడ్డికి పోయింది. అందరూ చూస్తుండగా, ఏ మట్టి మీద దించమన్నారో ఆ మట్టి మీదే దించింది.

ఆరో రోజు మిగులు గట్క ముట్టలేదు. పల్లెంతా ఆ మాట పాకింది. ఏడో రోజు కక్కింది. ఈదవ్వ పక్కనే కూర్చుని ఉప్పు గంజి చుక్కచుక్కగా నోట్లో పోసింది. గడప ముందు ఎవరెవరో నిలబడ్డారు గానీ లోపలికి రాలేదు. ఎనిమిదో రోజు మిగులు లేచి, ఒళ్ళు దులుపుకుని, గంజి కుండలో తల పెట్టింది.

ఏడాది తిరిగేసరికి మంచు పొద్దున తోడేళ్ళు దిగితే, మిగులు ఒక్కతే మూడింటిని గుట్ట ఎక్కించి వచ్చింది. చెవి చిరిగింది. మందలో ఒక్క గొర్రెపిల్ల తగ్గలేదు. ఆ తర్వాత ఈనింది, ఆరు పిల్లలు. ఇక చూడండి, ఈదవ్వ గడప ముందు జనం! వెలేసిన ఇంటికి పట్టపగలు వచ్చారు. ఆమె ఎవరినీ ఎత్తిపొడవలేదు. కాళ్ళు కడుక్కోమంది, పిల్లను జోలెలో పెట్టి ఇచ్చింది, పన్ను ఊడేదాకా దించబోమని ఒట్టు వేయించుకుంది. ఐలవ్వ కూడా వచ్చి, కాళ్ళు రెండుసార్లు కడుక్కుని పిల్లను తీసుకుపోయింది.

గట్టయ్య రాలేదు, కబురు పంపాడు. తప్పు ఒప్పుకుంటే వెలి తీసేస్తామని. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవాలి, నేను చెయ్యలేదు అని ఈదవ్వ తిరుగు కబురు పంపింది. అతను మొండి, ఆమె జగమొండి. ఏళ్ళు గడిచాయి. మిగులు పిల్లల పిల్లలు మూడు పల్లెల మందల్ని కాశాయి. ఈదవ్వను మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "జోలెవ్వ" అనేవారు, కట్టు తప్పలేక, అసలు పిలవకుండా ఉండడానికి మనసు ఒప్పక.

ఒకరోజు ఈదవ్వ కదురు పక్కనే ఒరిగిపోయింది.

వెలిలో పోయినవాళ్ళకు భుజం పట్టేవాళ్ళు ఉండరు. గట్టయ్య అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కట్టు కట్టేనన్నాడు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఐలవ్వ కొంగు బిగించి వచ్చి, పాడెకు మొదటి భుజం పెట్టింది. వెనకాలే మూడు పల్లెల కోడళ్ళు. ఆడవాళ్ళు పాడె మోయడం ఆ గుట్టలు ఎన్నడూ చూడలేదు.

సగం దారిలో దింపుడు కళ్ళం వచ్చింది. అక్కడ పాడెను నేల మీద దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. కొన ఊపిరి ఉంటే లేస్తారేమోనని చివరి ఆశ. వెనక నడిచొచ్చిన గట్టయ్య, అలవాటుగా, దించండి అన్నాడు.

"దించం మామా," అంది ఐలవ్వ. "ఈమె మన కుక్కపిల్లను నాలుగు నెలలు దించలే. ఈమెను మనం ఇప్పుడు మట్టిల దించుతమా?"

"అయితే పోండి."

"పోము. పిలవాలె. ఈమెకు అయినోడివి నువ్వొక్కనివే ఉన్నవు. నువ్వు పేరు పెట్టి పిలిచేదాంక దించం, కదలం."

ఎండ నెత్తి మీదికొచ్చింది. భుజాలు మార్చుకున్నారు గానీ పాడె దించలేదు. చెమట కళ్ళలోకి కారింది. కుక్కలు వచ్చి దారికి అడ్డంగా పడుకున్నాయి. వెలేసిన మనిషిని పేరు పెట్టి పిలిస్తే వెలి పోయినట్టే, అది గట్టయ్యకు తెలుసు. వేసిన వెలి తీస్తే తప్పు ఎవరిదో తేలినట్టే, అదీ తెలుసు. చాలాసేపు కర్ర మీద వాలి నిలబడ్డాడు. తర్వాత నడిచొచ్చాడు. పాడె భుజాల మీద ఎత్తున ఉంది, అతను ముసలివాడు, ఆమె చెవి అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచాడు.

"ఈదవ్వా," అన్నాడు.

"ఈదవ్వా," అన్నాడు.

మూడోసారి ఏడుస్తూ పిలిచాడు. అప్పుడు గానీ పాడె కదల్లేదు.

బోడగుట్ట చుట్టుపక్కల ఇప్పటికీ కుక్కపిల్లను తెచ్చుకుంటే జోలెలోనే లోకం చూపిస్తారు. పాలపన్ను ఊడాకే దించుతారు, దించేటప్పుడు ఈదవ్వా అని మూడుసార్లు పిలుస్తారు. ఎవరైనా దేనికైనా తొందరపడితే, పన్ను ఊడిందా అని అడుగుతారు. మీరెప్పుడైనా అటు పోతే, ఏ ఇంటి గడప ముందైనా నీళ్ళకుండ కనిపిస్తే, మారుమాట్లాడకుండా కాళ్ళు కడుక్కోండి. ఎంతటి పెద్దమనిషికైనా అదే మాట. కోపమొస్తే బయటే నిలబడండి, అక్కడ ఎవరూ బతిమాలరు.