ఏ వాకిటా ఆపరాదు

వెనకటికి కంకణగిరి అని ఒక కొండరాజ్యం ఉండేది. దాన్ని మహీధర నాయకుడు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గాని, వంశం పేరెత్తితే చాలు, ఆయనకు మరి లోకం కనపడేది కాదు. బిరుదులన్నీ చదివి ముగించేదాకా భోజనానికి లేచేవాడు కాదు. లోపల వంటవాళ్ళు చల్లారిపోతున్న అన్నాన్ని చూసి గొణుక్కునేవాళ్ళు.

ఆయన కొలువులో శాసనాలు చదివే ఉద్యోగం బాచనది. మాటకు మాట అందించడంలో గట్టివాడని అతనికి పేరు. ఏటా ఉగాదినాడు రాజుగారి ముత్తాత చెక్కించిన రాగిరేకును రెండు చేతులా పట్టుకుని, కోట ముందర నిలబడి గొంతెత్తి చదివేవాడు.

"ఆయుధం ధరించి వచ్చే మా ప్రజను ఏ వాకిటా, ఏ వీథిలోనూ ఎవ్వరూ ఆపరాదు. ఆపినవాడు రాజద్రోహి."

ఆ శాసనం వెనక పెద్ద కథే ఉంది. ముత్తాతగారి కాలంలో దోపిడీమూకలు వచ్చిపడితే, పల్లెల జనం విల్లమ్ములు పట్టుకుని కోటకు సాయంగా పరుగెత్తుకొచ్చారు. ఆయుధాలతో వచ్చేవాళ్ళను లోపలికి రానివ్వకూడదని అప్పటి ఆచారం. కావలివాళ్ళు తలుపులు వేసేశారు. సాయానికొచ్చినవాళ్ళంతా గోడ కిందే చచ్చిపోయారు. ముత్తాతగారు ఆ శవాల మధ్య నిలబడి ఏడ్చి, ఆ మాటలు చెక్కించాడట. అది చదువుతుంటే బాచనకు ఒళ్ళు జలదరించేది.

మూడు తరాలు గడిచాయి. విల్లులు పోయి చెకుముకి తుపాకులు వచ్చాయి. మొదట అడవి అంచు పల్లెలవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళను చూసి మైదానంవాళ్ళు, పక్కింటివాడి దగ్గర ఉంది గదా అని ఈ ఇంటివాడు. చివరికి అంగడికి ఉల్లిపాయలకు వెళ్ళేవాడు కూడా భుజాన తుపాకి వేసుకునే వెళ్ళసాగాడు.

ఒక ఆదివారం బాచన చింతపండు కోసం అంగడికి వెళ్ళాడు. ధాన్యం కొట్టు దగ్గర కొలగాడు ముత్యాలు కుంచంతో వడ్లు కొలుస్తూ, "లాభం... రెండు... మూడు..." అంటున్నాడు. అవతల ఎడ్ల బేరం దగ్గర కొమరయ్య అనే రైతుకూ మరొకడికీ మాటామాటా పెరిగింది. బెదిరిద్దామని కొమరయ్య తుపాకి ఎత్తాడు. అది పేలింది. ఎదటివాడికి తగల్లేదు. ముత్యాలు మూడు దగ్గరే ఆగిపోయాడు.

బాచన వెళ్ళి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చేసేదేమీ లేకపోయింది. ఇరవై అడుగుల దూరంలో కొమరయ్య నేలమీద కూలబడి, "నేను కాల్చలేదయ్యా, నేను కాల్చలేదు" అని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

పదిరోజుల కర్మ అయ్యాక ముత్యాలు భార్య పోలమ్మ కొలువుకు వచ్చింది.

"వాడికి శిక్ష వేయమని రాలేదు దొరా," అంది. "వాడూ అన్నం మానేశాడని విన్నాను. అసలు అంగడిలోకి ఆ తుపాకిని ఎందుకు రానిచ్చారో అడుగుదామని వచ్చాను."

రాజుగారికి జాలి కలిగింది గాని, వెంటనే వంశం గుర్తుకొచ్చింది. "పొరపాటున జరిగిందమ్మా. నీ పోషణ మేము చూస్తాం. అంతేగాని తుపాకిని ఆపమంటే మా ముత్తాతగారి రేకుమీద గీత గీసినట్టే. ఒక్క అక్షరం మార్చం."

పోలమ్మ దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆమె గడప దాటేదాకా చూసి, బాచన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. రేకు చెక్కినప్పుడు ఉన్నవి విల్లులు. తుపాకికి అది వర్తిస్తుందా?"

ధర్మాధికారి సర్వేశ్వర శాస్త్రి ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఏమయ్యా బాచనా, ఏళ్ళ తరబడి చదువుతున్నావు, ఆ మాత్రం తెలియదా? ఆయుధం అన్నారు. కాలంతో వచ్చే ఆయుధాలన్నీ అందులోకే వస్తాయి."

"మరి ఏ వాకిలైనా అంటే ఏ వాకిలైనానా, శాస్త్రిగారూ?"

"ఏ వాకిలైనా. మినహాయింపు లేదు."

"ఎవ్వరినైనా?"

"ఎవ్వరినైనా!"

"నేను మందబుద్ధిని. మర్చిపోతాను. ఆ మూడు ముక్కలూ రాసి, రాజముద్ర వేయించి ఇప్పిస్తే దగ్గర పెట్టుకుంటాను."

తన ముత్తాత మాటకు ఇంత గౌరవమా అని రాజుగారు ఉబ్బిపోయి, అప్పటికప్పుడే ముద్ర వేయించి ఇచ్చాడు.

బాచన నేరుగా కొమరయ్య ఇంటికి వెళ్ళాడు. తను తలపెట్టింది చెప్పాడు. కొమరయ్య మూలనున్న తుపాకివైపు చూశాడు. "ఆ రోజునుంచి దాన్ని ముట్టుకోలేదయ్యా," అన్నాడు.

"ఇంకొక్కసారి ముట్టుకోవాలి. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఉండటానికి."

కొమరయ్య ఒప్పుకున్నాడు. అతని మాటమీద మరో పదిమంది కదిలారు. అడవి అంచు గూడెం నుంచి సోమక్క అనే మేకలకాపరి కూడా వచ్చింది. పట్టాభిషేకం జరిగిన రోజున ఏటా నిండుకొలువు తీరుస్తారు. ఆ పొద్దున కోట బయట బాచన ఒక్కొక్క తుపాకినీ తీసుకుని, గొట్టంలోకి ఇనుప ఊచ అడుగంటా దించి, మందూ గుండూ లేవని చూశాడు. కొమరయ్య తుపాకిని మాత్రం రెండుసార్లు చూశాడు. కావలివాళ్ళు తొందరపడి కత్తి దూస్తే ఈ పన్నెండు ప్రాణాలకూ జవాబుదారీ తనే. పథకం తప్పితే తన తల ఎలాగూ ఉండదు.

ద్వారం దగ్గర కావలివాళ్ళు బల్లేలు అడ్డం పెట్టారు. బాచన రాజముద్ర ఉన్న కాగితం చూపించాడు. "ఆపినవాడు రాజద్రోహి" అని చదివాడు. బల్లేలు దిగిపోయాయి.

పన్నెండు తుపాకులు కొలువులోకి నడిచి వచ్చాయి. ఆరుగురు సింహాసనానికి ఆ పక్కా ఆరుగురు ఈ పక్కా నిలబడ్డారు. బిరుదులు చదివే భట్టు నాలుగో బిరుదు దగ్గర తడబడి, మళ్ళీ మొదటికి వచ్చాడు. శాస్త్రిగారు మెల్లగా స్తంభం వెనక్కి జరిగాడు.

రాజుగారు తన పక్కనే ఉన్న రైతును చూశాడు. "ఎవరు నువ్వు?"

"కొమరయ్యను దొరా. ముత్యాల్ని చంపినవాణ్ణి."

రాజుగారి నుదుటిమీద చెమట పట్టింది. సరిగ్గా అప్పుడే ఒక పరిచారిక చేతిలోంచి తాంబూలం పళ్ళెం జారి ఖంగుమంది. మరుక్షణం సింహాసనం ఖాళీ! మహీధర నాయకుడు దాని కాళ్ళ మధ్య దూరి, కిరీటాన్ని రెండు చేతులా నొక్కిపట్టుకుని ఉన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

రాజుగారు లేచాడు. ముఖం కందగడ్డలా అయింది. "ఎవరు! వీళ్ళను తుపాకులతో నా కొలువులోకి రానిచ్చింది ఎవరు?"

బాచన చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "తమ ముత్తాతగారు, ప్రభూ."

బాచన రాజముద్ర ఉన్న కాగితాన్ని పైకెత్తాడు.

"ఏ వాకిటా ఆపరాదన్నారు. ఇదీ ఒక వాకిలే. ఎవ్వరినైనా అని శాస్త్రిగారు సెలవిచ్చారు. ఒక్క అక్షరం మారలేదు, ప్రభూ. కావాలంటే ఆ స్తంభం వెనక ఉన్నారు, అడగండి. ఇంకో మాట. ఈ తుపాకుల్లో మందు లేదు. పొద్దున నేనే ఊచ పెట్టి చూశాను."

"లేదా!" రాజుగారు ఊపిరి వదిలాడు. వెంటనే కోపం ముంచుకొచ్చింది. "ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఎదురుగా ఉన్నదాంట్లో మందుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ముత్యాలుకు మాత్రం ఎలా తెలుస్తుంది, ప్రభూ?"

రాజుగారు కిరీటం సరిచేసుకున్నాడు.

"తమరు భయపడింది ఒక్క క్షణం," అన్నాడు బాచన. "అంగడికి వెళ్ళే ప్రతివాడూ ఆ భయంతోనే వెళ్ళి, ఆ భయంతోనే వస్తున్నాడు. వాళ్ళు దూరడానికి సింహాసనం లేదు."

రాజుగారు కూర్చున్నాడు. నెమ్మదిగా, "అందరి తుపాకులూ లాగేసుకోమంటావా?" అన్నాడు.

బాచన జవాబు చెప్పేలోపే సోమక్క అందుకుంది. "అట్టా చేయకండి దొరా. మా గూడేనికి మీ భటులు రావాలంటే రెండు రోజులు పడుతుంది. చిరుత అంతసేపు ఆగదు. పోయినేడు మా చెల్లెల్ని ఈడ్చుకుపోతుంటే ఈ తుపాకే కాపాడింది. ఇది లేకపోతే మేం కొండ దిగిపోవలసిందే."

బాచన తల ఊపాడు. "ఆమె చెప్పింది నిజం. పోలమ్మ అడిగిందీ నిజమే. రెండూ రాయాలి ప్రభూ."

"రాస్తే మా ముత్తాతగారి మాట ఏం కాను? మా వంశంలో చట్టం మార్చినవాడు లేడు."

"ఉన్నారు. మొట్టమొదట మార్చినవారు ఆయనే. ఆయుధంతో వచ్చినవాడికి తలుపు తీయరాదన్నది వారి తాతలనాటి ఆచారం. జనం చచ్చిపోతున్నారని ఆయన దాన్ని కొట్టేశారు. మార్చడం తమ వంశానికి కొత్త కాదు, ప్రభూ. మార్చకపోతేనే కొత్త."

మహీధర నాయకుడు అతనికేసి తేరిపార చూశాడు. పెదవులు బిగించాడు. ఆపుకోలేకపోయాడు. ముందు ముక్కులోంచి, తరవాత పొట్టలోంచి నవ్వు వచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ నీళ్ళు తుడుచుకుంటూనే గంభీరంగా అయిపోయాడు.

"కిందికి దూరేటప్పుడు నాకు ముత్తాత గుర్తు రాలేదు బాచనా," అన్నాడు. "నా ప్రాణం ఒక్కటే గుర్తొచ్చింది. కూర్చుని రాయి."

చేతి కంకణం తీసి బాచనకు తొడిగాడు. కొమరయ్య తన తుపాకిని సింహాసనం ముందు పెట్టి, మళ్ళీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

బాచన వారంరోజులు కూర్చున్నాడు. మధ్యలో శాస్త్రిగారు వచ్చి రెండు మాటలు సరిదిద్దాడు. అవి మంచి మాటలే గనుక బాచన ఉంచేశాడు. అంగడిలోకి, జాతరలోకి, కొలువులోకి తుపాకి తేరాదు. అడవి అంచు పల్లెల్లో ఉంచుకోవచ్చు. ఎక్కడున్నా ప్రతి తుపాకికీ ఊరందరి ఎదుట పూచీపడ్డ మనిషి ఒకడు ఉండాలి. పాత రేకును చెరిపేయలేదు. అది గుచ్చి ఉన్న కడియానికే కొత్త రేకునూ గుచ్చారు.

ఆ ఆదివారం బాచన అంగడిలో బండిమీద నిలబడి కొత్త రేకు చదివాడు. కొందరు సణిగారు, కొందరు తలలూపారు. చదవడం అయ్యాక దిగబోతుంటే, జనం వెనకనుంచి పోలమ్మ గొంతు వినిపించింది.

"బాచనయ్యగారూ, ఇక్కడిదాకా వినపడలేదు. మళ్ళీ చదవండి."

బాచన మళ్ళీ బండెక్కి, గొంతు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి అందుకున్నాడు.